వడగట్టాలా? తేరనివ్వాలా?

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పెద్ద వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులూ పొల్లులూ మా అవ్వ దిద్దింది. సైన్సులో తప్పులుంటే అవి నావి.

ఈ వ్యాసం ఒక చిన్న ప్రశ్న మీద. ఇంట్లో చేసిన ద్రాక్షరసం గానీ, అది పులిసి అయిన వైన్ గానీ మసకగా ఉంటే దాన్ని ఫిల్టర్ చేయాలా, వద్దా? చూడ్డానికి వంటింటి ప్రశ్నే. కానీ నేను దీనికి తప్పు జవాబు చెప్పి, కావలిలో మా ఇంటి గోడ పాడు చేసి, అవ్వతో రెండు రోజులు మాట్లాడించుకోలేకపోయాను. ఆ తప్పులోంచి నేర్చుకున్నదే ఈ పాఠం.

మొదట జరిగింది

మా అవ్వ వెళ్లే చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు భోజన సంస్కారం ఉంటుంది. చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం ఇస్తారు. అది పులియనిదై ఉండాలి. చాలా ఏళ్లుగా ఆ రసం చేసేది మా అవ్వే. నల్లద్రాక్ష కడిగి, గింజలు నలగకుండా మెత్తగా చిదిమి, కొంచెం నీళ్లూ చక్కెరా వేసి కాచి, పల్చటి గుడ్డలో వడగట్టి, వేడివేడిగా ఉన్నప్పుడే ఉడికించిన సీసాల్లో పోసి మూత బిగిస్తుంది. మంగళవారం చేస్తే ఆదివారం దాకా ఏమీ కాదు.

ఏప్రిల్‌లో మిడ్ ఎగ్జామ్స్ అయిపోయాక ఇంటికెళ్లాను. అవ్వ అప్పుడే మూడు సీసాలు చేసి పెట్టింది. రంగు బాగుంది, కానీ మసకగా ఉంది. వెలుతురుకి పట్టి చూస్తే అవతల వేలు కనపడలేదు. షాపులో దొరికే జ్యూస్ అద్దంలా ఉంటుంది కదా, మనదెందుకు ఇలా ఉండాలి అనిపించింది. స్నేహితుడి దగ్గర వాట్‌మన్ నంబర్ 1 ఫిల్టర్ పేపర్లు కొన్ని తెచ్చుకున్నాను. బుధవారం రాత్రి ఒక సీసా తెరిచి, గరాటులో పేపర్ పెట్టి పోశాను. మొదటి పది నిమిషాలు బాగానే కారింది. తర్వాత బొట్టు బొట్టు. తర్వాత అదీ లేదు. పేపర్లు మార్చి మార్చి, తెల్లారేదాకా అలా గిన్నె మీద వదిలేశాను. పక్కనే మిగిలిన పచ్చి ద్రాక్ష బుట్ట. బుట్ట మీద చిన్న ఈగలు. పొద్దున వచ్చిన దాన్ని ఊరికే కడిగిన ఒక సీసాలో పోసి, మూత గట్టిగా బిగించి, అలమరలో పెట్టాను. ముందుకంటే తేటగానే ఉంది. గర్వంగా ఫోటో కూడా తీశాను.

శనివారం రాత్రి 'టప్' మని శబ్దం. మూత ఒక పక్క, గోడ మీద ఊదారంగు చారలు ఒక పక్క. వాసన చూస్తే తెలిసిపోయింది. పులిసింది.

నేను వెంటనే అన్నాను, "ఏం కాదవ్వా, మళ్లీ ఫిల్టర్ చేస్తే ఈస్ట్ పోతుంది, రేపటికి వాడుకోవచ్చు" అని.

అవ్వ సీసా నా చేతిలోంచి తీసుకుంది. "పులిసింది పులిసినట్టే రా అబ్బయ్యా. వడగడితే ఎనక్కొస్తాదా?" అని పెరట్లో పారబోసింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున మిగిలిన రెండు సీసాలు, నేను ముట్టుకోనివి, తీసుకుని చర్చికి వెళ్లింది. అవి మసకగానే ఉన్నాయి. కానీ చెడిపోలేదు. నాకు తెలియకుండానే నేను ఒక కంట్రోల్డ్ ఎక్స్‌పెరిమెంట్ చేశానన్నమాట. ఒకే రోజు, ఒకే ద్రాక్ష, ఒకే పొయ్యి. తేడా ఒక్కటే, నా ఫిల్టర్.

అవ్వకి అంత కోపం ఎందుకు

ఇది చెప్పకపోతే పాఠం సగమే. కావలికి పడమరగా కలిగిరి మండలంలో దూబగుంట అనే ఊరుంది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడులు పెట్టారు. ఆ వాచకాల్లో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉండేది, తాగుడు వల్ల ఒక ఇల్లు ఏమైందో చెప్పే కథ. చదువుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు ఆ పాఠం దగ్గర ఆగిపోయి, తమ ఇళ్ల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దూబగుంటలో సారా అంగడి మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని చాలావరకు ఎత్తేశారు.

ఇవన్నీ నేను ఇంటర్నెట్‌లో చదవగలను. కానీ మా అవ్వ ఆ రాత్రి బడిలోనే అక్షరాలు నేర్చుకుందని, వేలంపాట దగ్గర ఎండలో కూర్చున్న వాళ్లలో తనూ ఉందని, మా తాత సారాకే పోయాడని నాకు ఈ ఏప్రిల్ దాకా ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నేను అడగలేదు కూడా. అలాంటి మనిషి చేత్తో చేసిన రసంలో, అదీ చర్చి బల్ల మీదికి వెళ్లాల్సిన దాంట్లో, నేను ఆల్కహాల్ పుట్టించాను. మంచి ఉద్దేశంతోనే. అయినా పుట్టించాను.

ఇంకో సంగతి. మన భాషలో కూడా ఈ చిక్కుంది. తెలుగు బైబిల్లో 'ద్రాక్షారసము' అంటే వైన్ కూడా. మనం ఇంట్లో ద్రాక్షరసం అంటే జ్యూస్. ఒకే మాట, రెండు ద్రవాలు. వాటి మధ్య దూరం మాత్రం ఈస్ట్‌కి రెండు మూడు రోజుల పని. అమెరికాలో థామస్ వెల్చ్ అనే డెంటిస్ట్ 1869లో ఈ దూరాన్ని కాపాడటానికే ద్రాక్షరసాన్ని సీసాల్లో పోసి వేడి చేశాడు, తన చర్చిలో పులియని రసం ఇవ్వాలని. ఈరోజు షాపుల్లో దొరికే సీసా జ్యూస్‌కి మూలం అదే. అంతకు మూడేళ్ల ముందు, 1866లో, పాశ్చర్ వైన్ జబ్బుల మీద పుస్తకం వేశాడు. వైన్‌ని సుమారు 50 నుంచి 60 డిగ్రీల దాకా వేడి చేస్తే పాడవదని చూపించాడు. అంటే నేను ఫిల్టర్ పేపర్‌తో చేద్దామనుకున్న పనిని వీళ్లు పొయ్యితో చేశారు. మా అవ్వ కూడా.

ఫిల్టర్‌కి ఏం తెలుసు?

పైథాన్‌లో ఫిల్టర్ అనే ఫంక్షన్ ఉంది కదా. ఒక కండిషన్ ఇస్తాం, అది తప్పినవాటిని ఆపేస్తుంది. వడపోతలో కండిషన్ ఒకటే, సైజు. మంచిదా చెడ్డదా, బతికుందా చచ్చిందా అని దానికి తెలియదు.

ఇప్పుడు సైజులు చూద్దాం. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. చీర గుడ్డ నేత సందులు వంద మైక్రాన్లు, ఇంకా పైనే. వాట్‌మన్ నంబర్ 1 పేపర్ 11 మైక్రాన్లు. ఈస్ట్ కణం 5 నుంచి 10 మైక్రాన్లు. బ్యాక్టీరియా సుమారు ఒక మైక్రాన్. అంటే గుడ్డలోంచి ఈస్ట్, లారీ వెళ్లే గేటులోంచి సైకిల్ వెళ్లినట్టు వెళ్లిపోతుంది. నా పేపర్ కొన్నిటిని ఆపుతుంది, అన్నిటినీ ఆపదు. ఈస్ట్‌ని నమ్మకంగా ఆపాలంటే వైనరీల్లో వాడే 0.45 మైక్రాన్ల పొర లాంటిది కావాలి. దానికి పంపూ, ప్రెషరూ, తర్వాత అంతా శుభ్రంగా ఉండే లైనూ కావాలి. ఒక్క కణం తప్పించుకున్నా చాలు, మిగతాది అదే పెంచుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే ఒక్క ఫాల్స్ నెగెటివ్‌తో సిస్టమ్ మొత్తం పోయినట్టే.

రెండో సంగతి, అవ్వ ఒక్క ముక్కలో చెప్పినది. ఫిల్టర్ తేలుతున్నవాటిని ఆపుతుంది, కరిగినవాటిని కాదు. ఆల్కహాల్ కరిగి ఉంటుంది, చక్కెర కరిగి ఉంటుంది. కాఫీని ఎన్నిసార్లు వడగట్టినా చక్కెర పోతుందా? అలాగే పులిసిన రసాన్ని ఎన్ని పేపర్లలో పోసినా అది వెనక్కి రసం కాదు.

మూడోది, ఫిల్టర్ ఎందుకు మూసుకుపోయింది? ద్రాక్షని తొక్కలతో కాచినప్పుడు పెక్టిన్ దిగుతుంది. జామ్ గడ్డకట్టేది దీనివల్లే. అది జిగురులా పేపర్ సందుల్ని మూసేస్తుంది. నేను పేపర్ మార్చిన ప్రతిసారీ రసానికి మళ్లీ గాలి తగిలింది, మళ్లీ నా చెయ్యి తగిలింది. అవ్వ కాచి, సీల్ చేసి, బయట పెట్టిన ఈస్ట్‌ని ఒక రాత్రంతా తలుపు తెరిచి లోపలికి రమ్మన్నాను.

నేను చేసిన తప్పు ఒక్క వాక్యంలో ఇది. తేటగా ఉండటాన్ని శుభ్రంగా ఉండటం అనుకున్నాను.

తేరడం అనే పని

మళ్లీ మాటలు కలిశాక అవ్వ చెప్పింది, "దాన్ని కదపకుండా పెడితే అదే తేరుకుంటాది గదా, నీకెందుకా తొందర" అని. 'తేరుకోవడం' అంటే జ్వరం నుంచి కోలుకోవడం అనే నాకు తెలుసు. నీళ్లు కూడా తేరుకుంటాయట. మడ్డి అడుగుకి దిగితే పైన మిగిలేది తేట. తేటతెలుగు అన్నా, పద్యాల్లో తేటగీతి అన్నా ఆ తేటే. అంటే మన భాషకి మంచి పేరు పెట్టినవాళ్లు వడపోతని కాదు, తేరడాన్ని గుర్తుచేసుకున్నారు! వడపోతకి వేరే గౌరవం ఉందిలెండి, 'కాచి వడపోశాడు' అంటాం కదా. అందులో కూడా కాచడమే ముందు.

తేరడానికి లెక్క ఉంది. 1851లో స్టోక్స్ ఇచ్చిన సూత్రం ప్రకారం ద్రవంలో ఒక చిన్న గోళం కిందికి దిగే వేగం దాని వ్యాసం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పులవడం ఆగిపోయిన వైన్‌లో 6 మైక్రాన్ల ఈస్ట్ కణం తీసుకుని, సాంద్రత తేడా సుమారు 80 కిలోలు ప్రతి ఘనమీటరుకి, జిగట నీటికి ఒకటిన్నర రెట్లు అనుకుని నేను లెక్కేస్తే గంటకి దాదాపు 4 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే రోజుకి 9 సెంటీమీటర్లు. ఒక అడుగు ఎత్తు సీసాలో మూడు నాలుగు రోజుల్లో అడుగుకి చేరుతుంది. అదే ఒక మైక్రాన్ బ్యాక్టీరియా అయితే 36 రెట్లు నెమ్మది, నాలుగు నెలలు. పెక్టిన్ లాంటి కొల్లాయిడ్ కణాలు ఇంకా చిన్నవి, అవి బ్రౌనియన్ చలనంలో తిరుగుతూనే ఉంటాయి, వాటంతటవి దిగవు. ఇంకా పులుస్తున్న రసంలో అయితే గ్యాస్ బుడగలు అడుగు నుంచి అన్నిటినీ మళ్లీ పైకి లేపుతుంటాయి. కాబట్టి పులవడం ఆగకముందు తేటకోసం చూడటం, గరిట తిప్పుతూ తేరమనడం లాంటిది.

దిగనివాటిని దింపే ఉపాయాలు కూడా ఉన్నాయి. ఊళ్లలో చెరువు నీళ్లకి చిల్లగింజ అరగదీసి వేసేవాళ్లు, లేదా పటిక తిప్పేవాళ్లు. కణాలు ఒకదాన్నొకటి అంటుకుని పెద్దవవుతాయి, పెద్దవైతే స్టోక్స్ గారి వర్గం సాయం చేస్తుంది. వైన్‌లో ఇదే పని బెంటొనైట్ మట్టి చేస్తుంది, ముఖ్యంగా ప్రొటీన్ మసకకి. సివిల్ బ్రాంచ్ మిత్రులకి ఇది తెలుసు, పైల్ ఫౌండేషన్ గుంతల గోడలు కూలకుండా పోసేది కూడా బెంటొనైటే. పెక్టిన్ మసకకి పెక్టినేజ్ అనే ఎంజైమ్ వేస్తారు.

ఇంకొకటి మడ్డి కాదు, కానీ భయపెడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన ద్రాక్షరసం అడుగున గాజుపొడిలా మెరిసే పలుకులు వస్తాయి. అవి పొటాషియం బైటార్ట్రేట్ స్ఫటికాలు. టార్టారిక్ ఆమ్లం మన చింతపండు పులుపులో ఉండేదే. చల్లదనానికి గడ్డకట్టి దిగింది, అంతే. హాని లేదు.

ఇక వైన్ సంగతి: నాలుగు ప్రశ్నలు

ఇక్కడొక గమనిక. మన రాష్ట్రంలో 1968 ఎక్సైజ్ చట్టం కింద లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేయడం నేరం. కాబట్టి హాస్టల్‌లో ప్రయోగాలు పెట్టుకోకండి. అమెరికాలో మాత్రం ఫెడరల్ నిబంధనల ప్రకారం పెద్దవాళ్లు ఇంటి వాడకానికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో 200 గ్యాలన్లు చేసుకోవచ్చు. అక్కడ ఇంట్లో చేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న మనదే. ఫిల్టర్ చేయాలా? నేను చదివి అర్థం చేసుకున్నంతలో దానికి ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి, తీపి మిగిలిందా? చక్కెర మొత్తం అయిపోయిన వైన్‌లో ఈస్ట్‌కి తిండి లేదు, రెండు మూడు కణాలు మిగిలినా గోల లేదు. తీపి మిగిలితే అది ప్రమాదం. షాంపేన్ తయారీలో రెండోసారి పులవడానికి లీటరుకి సుమారు 24 గ్రాముల చక్కెర కలుపుతారు. దాంతోనే సీసాలో 6 అట్మాస్ఫియర్ల ఒత్తిడి వస్తుంది, అందుకే ఆ సీసాలు అంత మందం. తియ్యటి ద్రాక్షరసంలో లీటరుకి 150 గ్రాములకి తక్కువ ఉండదు. నా సీసాకి మూత లేచిపోయింది కాబట్టి సరిపోయింది. గాజు పగిలి ఉంటే ఈ వ్యాసం వేరేలా ఉండేది. తీపి వైన్‌కి సన్నటి పొర వడపోతో, వేడి చేయడమో, ఏదో ఒకటి తప్పదు. గుడ్డా, కాఫీ పేపరూ లెక్కలోకి రావు.

రెండు, మసక దేనివల్ల? ఈస్ట్ అయితే ఆగితే చాలు. ప్రొటీన్ అయితే బెంటొనైట్. పెక్టిన్ అయితే ఎంజైమ్. స్ఫటికాలైతే చల్లబరచడం. కారణం తెలియకుండా ఫిల్టర్ పెట్టడం, ఎర్రర్ మెసేజ్ చదవకుండా కోడ్ మార్చడం లాంటిదే.

మూడు, గాలి తగలకుండా చేయగలరా? గరాటులో రాత్రంతా కారితే ఆక్సిజన్ పట్టి రంగు మాడుతుంది, వెనిగర్ బ్యాక్టీరియాకి విందు. మడ్డి మీదనుంచి తేటని సన్నటి గొట్టంతో వేరే పాత్రలోకి మెల్లగా దించుకోవడం ఇంతకంటే మేలు. ఇళ్లలో చేసేవాళ్లు కొన్ని నెలల్లో రెండు మూడుసార్లు ఇదే చేస్తారు. గంజి వార్చడం లాంటిదే, ఇంకాస్త ఓపికతో.

నాలుగు, ఎవరి కోసం? దూరం పంపాలన్నా, వేలల్లో సీసాలు అమ్మాలన్నా ఫిల్టర్‌కి అర్థం ఉంది. ఇంట్లో ఐదు లీటర్లకి, అదీ తీపి లేని ఎర్ర వైన్‌కి, సాధారణంగా అవసరం లేదు. కొందరు వైన్ చేసేవాళ్లు రుచీ రంగూ కొంత పోతాయని ఫిల్టర్ చేయకుండానే, ఆ మాట లేబుల్ మీద గొప్పగా వేసుకుని మరీ అమ్ముతారు. పోతాయా లేదా అన్నదాని మీద వాళ్లలో వాళ్లకే వాదన ఉంది.

పులియని రసానికి మాత్రం జవాబు సూటిగా ఉంది. నిలవుంచేది ఫిల్టర్ కాదు, వేడి. నింపిన సీసాలని మరుగుతున్న నీళ్లలో 5 నిమిషాలు ఉంచాలి, మూత తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయాలి. తేట కావాలంటే సీల్ చేసే ముందే తేర్చుకోవాలి, సీల్ చేశాక దాని జోలికి వెళ్లకూడదు.

మే మొదటి ఆదివారం

మేలో మళ్లీ ఇంటికెళ్లినప్పుడు అవ్వ నన్నే పిలిచింది. "రారా, ఈసారి నువ్వే చెయ్. నేను కూర్చుని చూస్తా." నల్లద్రాక్ష కాచి, అవ్వ పాత గుడ్డలోనే వడగట్టాను. ముక్కలూ గింజలూ ఆపడానికి గుడ్డ చాలు, దాని పని అదే. ఆ రసాన్ని మూతపెట్టిన స్టీలు గిన్నెలో ఫ్రిజ్‌లో రెండు రాత్రులు కదపకుండా ఉంచాను. అడుగున ఒక వేలు మందం మడ్డి, కొన్ని మెరిసే పలుకులు. పైతేట మెల్లగా వంపుకుని, మళ్లీ కాచి, ఉడికించిన సీసాల్లో పోసి, నీళ్లలో మరిగించాను. షాపు జ్యూస్ అంత తేటగా రాలేదు, పెక్టిన్ ఉంది కదా. కానీ వెలుతురుకి పడితే అవతల వేలు కనపడింది.

అవ్వ శనివారం రాత్రి పడుకోబోయే ముందు అలమర తెరిచి, ఒక్కో సీసా మూతని వేలితో నొక్కి చూసింది. ఏదీ ఉబ్బలేదు. ఏమీ అనలేదు. పొద్దున చర్చికి వెళ్లేటప్పుడు సంచి నా చేతికిచ్చి, "నిదానంగా పట్టుకో, కదిపితే మళ్లీ కలిసిపోతాది" అంది.

ఈ వ్యాసం మొదటి డ్రాఫ్ట్‌లో నేను 'సెడిమెంట్' అని ఆరుసార్లు రాశాను. ఆరు చోట్లా కొట్టేసి 'మడ్డి' అని రాసింది మా అవ్వే, రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలతో.